అంచు సెలవు

క్రితం వారం మీరు నన్ను ఏడో గ్రీను మీద మోకాళ్ల మీద కూర్చోబెట్టి వెళ్లిపోయారు. ఇదిగో, ఇంకా అక్కడే ఉన్నాను. చేతిలో భూతద్దం, మంచుకు తడిసి ముద్దయిన మోకాళ్లు, చుట్టూ నలుగురు మనుషులు. గోల్ఫ్ ఛాంపియన్‌షిప్ ఇంకో వారం ఉందనగా మా అత్తగారి గ్రీను చుట్టూ పసుపు పట్టీ ఒకటి పుట్టుకొచ్చిందని చెప్పాను కదా. కాంట్రాక్టు కంపెనీ తరఫున వచ్చిన టై బాబు దాన్ని చూడగానే "బూజు తెగులు, గ్రీను మూసెయ్యాల్సిందే" అని క్లబ్ కెప్టెన్ చెవిలో ఊదాడు. గ్రీను మూస్తే పోటీ లేదు. పోటీ లేకపోతే మైదానం కంపెనీ చేతికి, మా అత్తగారు ఇంటికి. ఆవిడ ఏం తక్కువ తిన్నారా? అందరి ముందూ నడుం మీద చెయ్యి వేసుకుని, "నా కోడలి మాటే నా మాట. అది తెగులంటే తెగులు, కాదంటే కాదు" అనేశారు. నేను వంగి చూశాను. అదేమిటో తెలిసిపోయింది. తెలిశాక నోరు పెగల్లేదు.

ఎందుకు పెగల్లేదో తెలియాలంటే ముందు మా అత్తగారు తెలియాలి. మైదానంలో అందరూ ఆవిణ్ణి దువ్వెనమ్మ అంటారు, వెనకాల మాత్రమే. ఎదురుగా అనగల మొనగాడు ఇంకా పుట్టలేదు. ఉన్న గ్రీన్లన్నిటికీ ఆవిడే పెద్ద. గ్రీనంటే జెండా పాతిన గుంట చుట్టూ అరచేతిలా నున్నగా కోసిన పచ్చిక. బంతి దాని మీద దొర్లాలి గానీ ఎగరకూడదు. మిగతావన్నీ పనివాళ్ల చేత కోయిస్తారు. క్లబ్ వరండాకి ఎదురుగా ఉండే ఏడోదాన్ని మాత్రం ఇంకొకరిని ముట్టుకోనివ్వరు. కోత అయిపోయాక అంచున నిలబడి ఆవిడ దాన్ని చూసుకునే చూపు ఒకటి ఉంటుంది. కూతురికి జడ వేసి రిబ్బను కట్టిన తల్లి కూడా అంత మురిసిపోదు.

ఇక నేను. ఈ ఇంటికి కోడలిగా రాకముందే ఈ మైదానానికి తెగుళ్లు చూసే మనిషిగా వచ్చాను. పచ్చికకు ఏ రోగం వచ్చిందో, ఏ పురుగు పట్టిందో, ఏ మందు ఎప్పుడు వెయ్యాలో, అంతకన్నా ముఖ్యంగా ఎప్పుడు వెయ్యకూడదో చెప్పడం నా పని. గడ్డి డాక్టరమ్మ అంటారు. అనుకోనివ్వండి, నాకేం చిన్నతనం లేదు. అత్తలేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అని సామెత. మేమిద్దరం ఒకే వంటింట్లో కాఫీ తాగి, ఒకే గేటులోంచి పనికెళ్తాం. అయినా ఇద్దరం బతికే ఉన్నాం, ఇద్దరి గుణాలూ ఇంకా చెడిపోలేదు. అదే మా గొప్ప.

"ఏంటమ్మా, చూడ్డం అయిందా?" అని అడిగారు కెప్టెన్ గారు. మనిషి మంచివారే. కానీ ఆ వారం నిద్ర లేక ఆయన కళ్లు కూడా ఆ పట్టీలాగే ఉన్నాయి.

"ఇంకా చూసేదేముంది సార్," అంటూ టై బాబు ముందుకొచ్చాడు. "వలయం కనిపిస్తూనే ఉంది. పైగా పొద్దున్నుంచి పక్షులు వచ్చి పొడుస్తున్నాయి. పైన బూజు, కింద పురుగు. మా వాళ్లు వస్తే పై పొర మొత్తం ఎత్తేసి కొత్తది పరుస్తారు."

"నా గ్రీనులో పురుగా!" అన్నారు అత్తగారు. ఎవరో ఆవిణ్ణి నీ తలలో పేలున్నాయన్నట్టు ఉంది ఆ గొంతు. "అమ్మాయ్, బకెట్టు తీసుకురా."

బకెట్టు అక్కడే ఉంది. అనుమానం వచ్చిన రోజు నేను ముందు తీసుకెళ్లేది దాన్నే. నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు కలిపి, పట్టీ మీద చాపంత మేర నిదానంగా పోశాను. సబ్బు నీళ్లు తగిలితే లద్దెపురుగు లోపల నిలవలేదు, ఒళ్లు మండి తనంతట తనే పైకొస్తుంది. దాన్ని వెతకడానికి పచ్చికను తవ్వి పాడుచెయ్యక్కర్లేదు. అందరం చుట్టూ నిలబడి నేల చూపులు చూస్తూ ఉండిపోయాం. దారిన పోయేవాళ్లు చూస్తే ఏ ఉంగరమో పారేసుకున్నామనుకుంటారు.

కాసేపటికి పచ్చికలో ఏదో కదిలింది.

"అదిగో!" అని టై బాబు ఒక్క గంతు వేశాడు.

బయటకొచ్చింది వానపాము. అత్తగారు వంగి దాన్ని రెండు వేళ్లతో సుతారంగా పైకెత్తారు. "ఇది మా మనిషే బాబూ. నేల గుల్లగా ఉంచుతుంది. జీతం కూడా అడగదు." కెప్టెన్ గారు చాలా రోజుల తర్వాత నవ్వారు. పక్షులు వచ్చింది కూడా ఈ వానపాముల కోసమేనని చెప్పి, అది కడుక్కోవాలి పాపమని దాని మీద రెండు దోసిళ్ల మంచినీళ్లు పోసి వదిలేశాను.

టై బాబు నవ్వలేదు. "సరే, పురుగు లేదు. అయితే బూజే," అన్నాడు.

అప్పుడు ఆ అబద్ధం నా నాలుక చివరిదాకా వచ్చింది. దాచుకోను, చెప్పేస్తున్నాను. "నీళ్లు సరిగా అందలేదండీ" అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. తప్పు పైపు మీదకు పోయేది. పైపుకు పరువూ లేదు, కొడుకూ కోడలూ లేరు. కానీ ఆ మాట అన్నాక ఏం చేస్తారు? ఎక్కువ నీళ్లు పెడతారు. నలిగిన పచ్చిక మీద ఎక్కువ నీళ్లు పెడితే అప్పుడు నిజంగానే బూజు వస్తుంది. నా నోటితో నేనే తెగులు తెచ్చినట్టు అవుతుంది. నేను చెయ్యలేను. నా చదువు, నా పని, నేను ఇన్నాళ్లూ తలెత్తుకుని తిరగడం, అంతా ఆ ఒక్క ముక్కతో పోతుంది.

"కెప్టెన్ గారూ, ఒకసారి నా వెంట ఈ పట్టీ మీద నడవండి," అన్నాను.

నడిచాం. ఏడో గ్రీను జీడిపప్పు ఆకారంలో ఉంటుంది, మధ్యలో లోపలికి మెలిక తిరిగి. మెలిక దగ్గర ఆగాను.

"బూజు వలయం ఒకచోట పుట్టి అన్నివైపులకీ గుండ్రంగా పాకుతుంది. గ్రీను ఎక్కడ మెలిక తిరిగిందో దానికేం తెలుసు? ఇది చూడండి. అంచు లోపలికి తిరిగితే ఇదీ తిరిగింది, అంచు బయటికొస్తే ఇదీ వచ్చింది. వెడల్పు కూడా మొదట్నుంచి చివరిదాకా ఒక్కటే. తెగులైతే ఆకుల మీద మచ్చలుండాలి, మంచులో బూజు దారాలు కనపడాలి. ఇక్కడ ఆకు నలిగింది, అంతే. వేరు తెల్లగా, గట్టిగా ఉంది. కావాలంటే ఈ భూతద్దంలో చూడండి."

ఆయన చూశారు. టై బాబుకి కూడా ఇచ్చాను. చూసి, తిరిగిచ్చి, టై సర్దుకున్నాడు.

"మరైతే ఇదేంటమ్మా?"

అత్తగారి వైపు చూడకుండా చెప్పాను. "మిషనండీ. కోత మిషన్ రోలరు ఒకే జాడలో మళ్లీ మళ్లీ తిరిగింది. అంచు నలిగిపోయింది."

ఏడో గ్రీను ఎవరు కోస్తారో అక్కడున్న అందరికీ తెలుసు. టై బాబుకి కూడా తెలుసు. రొట్టె విరిగి నేతిలో పడ్డట్టు వెలిగిపోయింది అతని మొహం.

మీకు మా పద్ధతి ఒకటి చెప్పాలి. గ్రీను మధ్యభాగాన్ని రోజుకో దిక్కున కోయొచ్చు. అంచుకు ఆ వీలు లేదు, దాని చుట్టూ ఒకటే దారి. రోజూ అదే దారిన మిషన్ తిరిగితే పచ్చిక ఊపిరాడక చస్తుంది. అందుకని రోజు విడిచి రోజు అంచును ముట్టుకోం. దాన్ని మేం అంచు సెలవు అంటాం. ఆ రోజు మధ్యభాగం మాత్రం కోసి, మిషన్ను షెడ్డుకు పదునుకు పంపేస్తారు. ఆ పద్ధతి పెట్టింది సాక్షాత్తూ మా అత్తగారే. సెలవు రోజున అంచు మీద మిషన్ తిప్పినందుకు ఒక పనివాణ్ణి ఆవిడ చెడామడా దులిపేస్తే, అతను ఇప్పటికీ ఆవిడ ఎదురొస్తే దారి మార్చుకుంటాడు.

అత్తగారు తన మిషన్ దగ్గరికి వెళ్లారు. ఇంజను వెయ్యకుండా చేత్తోనే తోసుకొచ్చి పసుపు పట్టీ మీద నిలబెట్టారు. రోలరు పట్టీ మీద అచ్చు గుద్దినట్టు సరిపోయింది. తర్వాత ఆవిడ తలెత్తి గ్రీను వెనక వైపు, చెట్ల మధ్య నుంచి షెడ్డుకు వెళ్లే దారి వైపు చాలాసేపు చూశారు. ఏడుపు ఆపుకుంటున్నారనుకున్నాను. ఈవిడ ఈ అంచుతోనే బతికారు. నేను పనిలో చేరిన కొత్తలో నన్ను మొదటిసారి ఇక్కడికి తీసుకొచ్చి, బంగారం చూపించినట్టు ఈ అంచునే చూపించారు.

"సరిపోయింది," అన్నారు అత్తగారు. "నేనే. సెలవు రోజుల్లో కూడా కోశాను. టీవీలో నా గ్రీను అందంగా కనపడాలని ఆశపడ్డాను. తప్పు నాది, కెప్టెన్ గారూ."

"మేడం, మీరా?" అన్నారు ఆయన నమ్మలేనట్టు.

"నేనే. కానీ ఒక్క మాట అడుగుతాను, చెప్పండి." ఆవిడ వచ్చి నా పక్కన నిలబడ్డారు. నా భుజం మీద చెయ్యి వేశారు, మట్టిచెయ్యి. "అత్త చేసిన తప్పు అత్త మొహం మీదే, పదిమందిలో చెప్పగలిగిన కోడలు మీలో ఎవరింట్లో ఉంది? ఉంటే చూపించండి, నేను ఇప్పుడే ఉద్యోగం మానేస్తాను."

ఎవరూ చూపించలేదు. టై బాబుకి ఇంకా పెళ్లి కాలేదు, అది అతని అదృష్టం. నాకు మాత్రం కళ్లనిండా నీళ్లొచ్చాయి. ఇంత తలవంపుల్లో కూడా ఈ మనిషి తల వంచలేదు. వంచకపోగా నా తల కూడా పైకెత్తి నిలబెట్టింది. ఇలాంటి అత్తగారి కడుపున పుట్టనందుకు మొదటిసారి కొంచెం బాధపడ్డాను.

కెప్టెన్ గారు గొంతు సవరించుకున్నారు. "పోటీ నాటికి ఇది కోలుకుంటుందా?"

"కోలుకుంటుందండీ. అప్పటిదాకా అంచు కోత ఆపేసి, సన్నని ఇసుక చేత్తో చల్లి, తేలికపాటి నీళ్లు పెట్టాలి. వేరు బతికే ఉంది కదా."

"అయితే గ్రీను మూసే పని లేదు," అని ఆయన టై బాబుతో అన్నారు. తర్వాత అత్తగారి వైపు తిరిగి నసిగారు. "కానీ మేడం, పోటీ రోజు పొద్దున ఏడోది మీరే కోస్తానంటే సభ్యులు ఒప్పుకోరేమో."

"మా మనిషిని పెడతాం సార్," అన్నాడు టై బాబు. కింద పడ్డా ముక్కు పైనే.

అత్తగారు మెడలోని తాడు తీశారు. దానికి మిషన్ తాళం చెవి ఉంటుంది. నిద్రలో కూడా తియ్యరు ఆవిడ దాన్ని. నా చేతిలో పెట్టి వేళ్లు మూశారు. "ఏడోది నా కోడలు కోస్తుంది. మీ మనిషికి కోయాలని అంత సరదాగా ఉంటే మీ పెరడు కోయించుకోండి."

సభ్యులతో మాట్లాడి వస్తానని కెప్టెన్ గారు వెళ్లారు. టై బాబు ఆయన వెనకే వెళ్లాడు. నేను మిషన్ను తోసుకుంటూ షెడ్డుకు బయల్దేరాను. తాళం చెవి చేతిలో వెచ్చగా ఉంది. నిజం చెప్పాను, గ్రీను నిలబడింది, అత్తగారు నన్ను పదిమందిలో నెత్తిన పెట్టుకున్నారు. ఇంకేం కావాలి? గాల్లో తేలుతున్నట్టే ఉంది.

షెడ్డులో మా ఆయన ఉన్నారు. ఈ మైదానంలో ప్రతి బ్లేడుకూ పదును పెట్టేది ఆయనే. మనిషికి మాటలు తక్కువ, ఒక్క ముక్క రాబట్టాలంటే పట్టకారు కావాలి. కానీ ఆ చేతి పదును మీద నాకు చెప్పలేనంత గర్వం. నేను వెళ్లేసరికి కోత బ్లేడ్లుండే రీలు ఒకటి చేత్తో తిప్పుతూ, బ్లేడు మధ్యలోకి కాగితం ముక్క జారవిడుస్తున్నారు. కాగితం రెండుగా చీలిపోయి కింద పడింది. చిన్నపిల్లాడిలా నవ్వారు.

"ఏమండీ, అత్తయ్య సెలవు రోజుల్లో కూడా అంచు కోశారట. మీకు తెలుసా?"

"అదెలా కుదురుతుంది?" అన్నారు ఆయన ఇంకో కాగితం చింపుతూ. "సెలవు రోజున మిషన్ నా దగ్గరే ఉంటుందిగా."

నేను నడక ఆపేశాను.

"మరి ఆ రోజు మిషన్ ఎక్కడికీ వెళ్లదా?"

"ఎక్కడికి వెళ్తుంది? పదును పెట్టాక షెడ్డులో ఉండే రెండో తాళంతో ఒకటి రెండు రౌండ్లు తిప్పి చూస్తాను, అంతే. కాగితం కోస్తే సరిపోదు కదా, గడ్డి కోయాలి. ఏడోదాని అంచు మీద తిప్పుతా. ఆ మెలిక దగ్గర శుభ్రంగా కోసిందంటే ఇక ఎక్కడైనా కోస్తుంది." ఆయన మొహంలో ఆ గర్వం చూసి నాకు ఏడవాలో అరవాలో తెలియలేదు.

"ఎప్పట్నుంచి ఈ పని?"

"నర్సరీ మడి ఎత్తేసినప్పట్నుంచి. ఇదివరకు అక్కడే తిప్పి చూసేవాణ్ణి. ఇప్పుడక్కడ టీవీ వాళ్ల టెంటు వేశారుగా. ఏం, ఏమైంది?"

షెడ్డు వెనక ఉన్న ఆ మడిలో కొత్త పచ్చిక పెంచుకునేవాళ్లం. దాన్ని ఎత్తేయించి టెంటు వేయించింది కెప్టెన్ గారే. పరీక్షించడానికి చోటు పోయేసరికి ఈ మహానుభావుడు నాలుగడుగులు ముందుకేసి తల్లి ప్రాణం మీద పరీక్షించుకున్నాడు. ఆవిడ సెలవిచ్చిన ప్రతి రోజూ ఈయన ఆ సెలవు రద్దు చేశాడు! కంచే చేను మేసిందంటే ఇదే. అంచు సెలవంటే ఏమిటో ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పాలని నాకు తట్టలేదు, ఆవిడకూ తట్టలేదు. బ్లేడు మనిషికి గడ్డి సంగతి ఎందుకనుకున్నాం ఇద్దరం.

జరిగింది చెప్పాను. ఆయన చేతిలో కాగితం అలాగే ఉండిపోయింది. "అమ్మ తన మీద వేసుకుందా? అమ్మకు నా సంగతి తెలియదు కదా?"

"తెలుసురా," అన్నారు అత్తగారు గుమ్మంలోంచి. "అంచు మీంచి నేరుగా షెడ్డు దారికి మిషన్ తిప్పిన గుర్తు ఇందాక చూశాను. నేనెప్పుడూ అటు తిప్పను."

అప్పుడర్థమైంది నాకు, ఆవిడ అంతసేపు చెట్ల వైపు ఎందుకు చూశారో. కోపం నెత్తికెక్కింది. "అత్తయ్యా, మీరు నన్ను అబద్ధంలోకి దించారు!"

"అబద్ధం ఎక్కడుందే? మిషన్ అన్నావు. మిషనే."

"ఎవరిదంటే నేనేనన్నారు మీరు. పక్కనే నిలబడి నేను విన్నాను. ఇప్పుడు తెలిసీ నోరు మూసుకుంటే ఆ మాట నాది కూడా అవుతుంది. నా కోడలు నిజం చెప్పిందని పదిమందిలో పొగిడారే, ఆ పొగడ్త ఏం చేసుకోను నేను?"

"మెల్లగా. నేనెలాగూ రేపో మాపో దిగిపోయే మనిషిని. వాడికి బోలెడు బతుకుంది. గ్రీను పాడుచేసిన మెకానిక్ అని పేరు పడితే రేపు వాడి చేతికి బ్లేడు ఎవరిస్తారు? తల్లిని, నా కడుపులో పెట్టుకుంటాను. నువ్వు పెళ్లానివి, నువ్వూ పెట్టుకో."

"మరి మీ పేరు? ఆ అంచు మీ పేరండీ! సెలవు పద్ధతి పెట్టింది మీరు, ఒక్కరోజు కూడా తప్పనిది మీరు. తప్పానని మీరే చెప్పుకుంటే నాకు కడుపు రగిలిపోదా?"

ఆవిడ గడప మీద కూర్చుని చెప్పులకంటిన పచ్చిక వేలితో గీకడం మొదలుపెట్టారు. మా ఆయన మాకు వీపు తిప్పి గ్రైండరు వేసుకున్నారు. ఇంట్లో గొడవైనప్పుడల్లా ఆయన చేసేది అదే, ఇంట్లో మిక్సీ, ఇక్కడ గ్రైండరు. నిప్పురవ్వలు లేస్తున్నాయి, రొద షెడ్డంతా నిండిపోయింది.

ఆ రొదలో కెప్టెన్ గారి బండి వచ్చి ఆగడం మాకు వినపడనే లేదు. చూసేసరికి ఆయన గుమ్మం ముందు నిలబడి ఉన్నారు.

"ఏడోది నువ్వు కోయడానికి సభ్యులు ఒప్పుకున్నారమ్మా," అన్నారు గొంతు పెంచి. నేను ఊపిరి పీల్చుకునేలోపే మళ్లీ అందుకున్నారు. "కానీ ఆ కంపెనీ అతను ఒక మెలిక పెట్టాడు. తను పెట్టిన పద్ధతి తనే తప్పిన మనిషి మిగతా గ్రీన్లు మాత్రం ఎలా చూస్తుంది అన్నాడు. దాంతో సభ్యులు మేడం గారిని ఈ సాయంత్రమే పంపించెయ్యమంటున్నారు. నాకెందుకో మనసొప్పడం లేదు. ఈవిడ అంచు సెలవు తప్పడమేంటి? అందుకే నిన్నే అడుగుదామని వచ్చాను. పొద్దున నీ మాట విన్నాను, ఇప్పుడూ వింటాను. నిజం చెప్పు. ఆ అంచు మీద మేడం కాక ఇంకెవరైనా మిషన్ తిప్పారా?"

అత్తగారు గడప మీద నుంచి లేచి నా కళ్లలోకి చూశారు. ఆవిడ తల అడ్డంగా ఊగింది, కొంచెమే, నాకు మాత్రమే కనపడేలా. ఆ చూపుకి ఈ మైదానంలో ఎదురు చెప్పినవాళ్లు లేరు. తాళం చెవి నా అరచేతిలో గుచ్చుకుంటోంది.

"తిప్పారండీ," అన్నాను.

"ఎవరు?"

నేను నోరు తెరిచాను. నా వెనక గ్రైండరు ఆగిపోయింది.